ఇంట్లో చోటు లేక

నేను ఒక ఊయలను. ఊయల అనగానే మీ కళ్ల ముందు పసిబిడ్డ కనిపిస్తే ఆ బిడ్డను కాస్త పక్కన పడుకోబెట్టండి. నేను అడవుల్లో రెండు చెట్ల మధ్య కట్టుకుని పెద్దవాళ్లు పడుకునే రకాన్ని. తెలిసినవాళ్లు హ్యామక్ అంటారు. పారాచూట్ గుడ్డ ఒళ్లు, ముదురు నీలం రంగు, అంచు పొడవునా నారింజ కుట్టు. చెట్లకు చుట్టడానికి వెడల్పాటి పట్టీలు, వాటికి తగిలించే కొక్కాలు, పైన వానగుడ్డ, చుట్టూ దోమతెర, చలికాలంలో కింద కట్టే దూది పరుపు. ఇదీ నా సంసారం. నాకున్న చెడ్డ గుణం ఒకటే, ఈర్ష్య. గుడ్డకు ఈర్ష్యేమిటని నవ్వకండి. మనుషుల బరువు మోసేదానికి వాళ్ల గుణాల్లో ఒకటైనా అంటకుండా ఉంటుందా?

కోయంబత్తూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో నన్ను కుట్టారు. నాతోపాటే కుట్టిన ఆకుపచ్చ ఊయలను నాకంటే ముందు పెట్టెలో సర్దారు. లోకాన్ని చూడకముందే నాకు కడుపు మండడం అప్పుడే మొదలైంది.

మొదట నన్ను కొన్నవాడు విశాఖపట్నం మధురవాడలో ఉండే నిఖిలేష్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రవాడు. పెట్టె విప్పి, నన్ను చెంపకు ఆనించుకుని, వాళ్ల అపార్టుమెంటు బాల్కనీలో రెండు స్తంభాలకు కట్టి ఫొటో దిగాడు. ఆ ఫొటోను చాలామంది మెచ్చుకున్నారట. నన్ను కాదు, ఫొటోను. ఆ తర్వాత స్నేహితులతో అడవికి వెళ్లి, పట్టీల మీదుగా ఎర్రచీమలు దిగివస్తే తెల్లవార్లూ కారులో కూర్చున్నాడు. తిరిగి వచ్చిన వారానికే నన్ను ఫోనులో అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి వచ్చిన మనిషి పేరు సన్యాసిరావు. పోర్టులో క్రేను నడుపుతాడు. నలభై దాటిన వయసు, పలుచబడుతున్న జుట్టు, లీవర్లు పట్టి పట్టి గట్టిపడ్డ అరచేతులు.

"ఎన్నాళ్లు వాడారు బాబూ?" అన్నాడు.

"కొత్తదే అనుకోండి అంకుల్."

"కొత్తదయితే అమ్మడమెందుకూ?"

నిఖిలేష్ చీమల సంగతి చెప్పలేదు. టైము కుదరడం లేదన్నాడు. సన్యాసిరావు నన్ను ఎండకు ఎదురుగా ఎత్తిపట్టి గుడ్డలోంచి చూశాడు, సూదిమొన అంత చిల్లున్నా వెలుగు చెప్పేస్తుందని. కుట్ల మీద గోరుతో గీశాడు. పట్టీలు మెలిపెట్టి, నూలు లేచిందేమోనని చూశాడు. కొక్కాలను చెవి దగ్గర పెట్టుకుని తెరిచి మూశాడు. అంతవరకూ నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. బేరం తెమలకముందే నేను అతనిదాన్నయిపోయాను.

అతనిది గాజువాక. ఇంట్లో అతనూ, భార్య ఇందుమతీ ఇద్దరే. పిల్లల్లేరు. వాళ్లు ఆ ఊసు ఎత్తుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఇందుమతి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. చుట్టుపక్కల వీధుల ఆడవాళ్లు ఆమె కుట్టిన చేతుల అంచుల కోసం వారాల తరబడి ఎదురుచూస్తారు.

వారమంతా ఓడల హోరులో, గాలిలో వేలాడే గదిలో కూర్చునే సన్యాసిరావుకు శనివారం వస్తే కొండలెక్కాలి. అనంతగిరి దగ్గర కాఫీ తోటల అంచున బుద్రి అనే ఆవిడ ఇల్లుంది. ఆమె అనుమతితో ఆ పక్కనున్న సిల్వర్ ఓక్ చెట్లకు నన్ను కట్టేవాడు. చెట్టు బెరడు నలగకుండా పట్టీలు సర్ది, నా నడుము వంపు సరిచూసి, మెల్లగా కూర్చుని, కాళ్లు ఒక మూలకు, తల ఇంకో మూలకు వచ్చేలా ఏటవాలుగా ఒరిగేవాడు. అలా పడుకుంటేనే ఒళ్లు చదునుగా ఉంటుంది. నన్ను పడుకోవడానికే పుట్టించారని అతని కింద నాకు మొదటిసారి తెలిసింది.

అక్కడే ఒక ముల్లు. చీకటి పడకముందే అతను నాలోంచి లేచి వెళ్లిపోయేవాడు. తోటలో ఫోను పలకదు. కాస్త ఎగువన ఒక పెద్ద నల్లరాయి ఉంది, దాని మీద నిలబడితే పలుకుతుంది. వాన పడుతున్నా, పొగమంచు కమ్మినా ఆ రాయి ఎక్కాల్సిందే. ఎన్నో సార్లు నొక్కగా నొక్కగా లైను కలిసేది.

"ఇందూ, తిన్నావా?" అని అరిచేవాడు. అవతల ఆమె ఏమనేదో, వెంటనే లైను తెగిపోయేది. ఆ ఒక్క మాట కోసం అంతసేపు! ఖాళీగా గాలికి ఊగుతూ నేను రగిలిపోయేదాన్ని. తిరిగొచ్చి, ఆమె కట్టిచ్చిన పులిహోర డబ్బా నా మీదే పెట్టుకుని తినేవాడు. నా గుడ్డకు ఆమె చేతి ఇంగువ వాసన అంటేది. అడవిలో కూడా నాకు సవతి పోరు తప్పలేదు.

ఆమెకు నా మీద అంతకు రెట్టింపు ఈర్ష్య ఉందని నాకు ఇంట్లో తెలిసింది.

ఆదివారం ఇంటికి రాగానే అతను నన్ను మేడ మీద బకెట్టులో నానబెట్టి, సబ్బుపొడి ఎక్కువ కాకుండా చూసుకుంటూ చేత్తో ఉతికేవాడు. నీడలో ఆరేసేవాడు. సొంత లుంగీ ఏనాడూ ఉతకని మనిషి. ఇందుమతి మెట్ల దగ్గర పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని నిలబడి చూసేది. సూదులు తీసి ఏదో అనబోయి, మళ్లీ పెట్టుకుని కిందికి దిగిపోయేది.

ఒకసారి నా అంచు కుట్టు కొంచెం విడిపోయింది. ఆమె చేతికే ఇచ్చాడు. సూది నా ఒంట్లో కావాలనే లోతుగా దించిందని నాకు ఇప్పటికీ అనుమానమే. కుట్టడం మాత్రం అద్భుతంగా కుట్టింది. సన్యాసిరావు ఆ కుట్టును వేలితో తడిమి, "బలేగా కుట్టేవు ఇందూ" అన్నాడు. ఆమె ముఖం వెలిగి, ఒక్క క్షణంలోనే మళ్లీ నల్లబడింది. తన ఒంటిమీద జాకెట్టు తనే కుట్టుకున్నది, కొత్తది, నెమలిపింఛం రంగుది. దాన్ని అతను చూడనే లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత దక్కిన మెప్పు, అదీ నా ఖాతాలో.

ఆ తర్వాత ఒక ఫొటో వచ్చింది. సన్యాసిరావు కొండలకు వెళ్లినప్పుడు అప్పుడప్పుడూ కలిసే బృందం ఒకటుంది. వాళ్లు పంపిన ఫొటోల్లో ఒకదానిలో పసుపుపచ్చ టీషర్టు వేసుకున్న అమ్మాయి నాలో కాళ్లు జాపుకుని పడుకుని విరగబడి నవ్వుతోంది. పక్కనే సన్యాసిరావు నిలబడి ఆమెవైపే చూస్తున్నాడు. మొగుడి ఫోనులో చేతి అంచుల డిజైన్లు వెతుకుతున్న ఇందుమతి కంట్లో అది పడింది.

నిజమేమిటో నాకు తెలుసు. ఆ అమ్మాయి "ఒక్క నిమిషం అంకుల్" అంటూ బురద బూట్లతో సహా ఎక్కేసింది. ఎప్పుడు దిగుతుందా, నాకేమవుతుందా అని అతను పక్కన నిలబడి నలిగిపోయాడు. ఆ చూపు ఆమె మీద కాదు, నా మీద. చెప్పడానికి నాకు నోరుంటే చెప్పేదాన్ని. నోరున్నా ఇందుమతికి చెప్పి ఉండేదాన్నా అంటే, ఏమో.

ఆమె మొగుణ్ని అడగలేదు. అబద్ధం చెబుతాడని కాదు, నిజం చెబుతాడేమోనని భయం. మర్నాడు అతను డ్యూటీకి వెళ్లగానే అటక మీంచి నన్ను దించి, మేడ మీద దండెం మీద పరిచి, నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీసి ఫోనులో అమ్మకానికి పెట్టింది. అమ్మడానికి కారణం ఏమిటని ఫోను అడిగింది. చాలాసేపు ఆలోచించి, "ఇంట్లో చోటు లేదు" అని కొట్టింది.

ఫోన్లే ఫోన్లు. ఒకాయన ఆవుకు ఎండ తగలకుండా కట్టడానికి పనికొస్తుందా అన్నాడు. ఒకావిడ మిక్సీ ఇస్తాను, మార్చుకుందామా అంది. మూడోరోజు మధ్యాహ్నం ఒక స్కూటరు ఇంటిముందు ఆగింది. దిగినావిడకు యాభై దాటాయి. సన్నటి మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరసిన జుట్టు, మెడలో చిన్న సిలువ. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాననీ, పేరు ఎస్తేరు రాణి అనీ చెప్పుకుంది.

"ఆడ మనిషా మీరు!" అని తెల్లబోయింది ఇందుమతి.

"పుట్టినప్పటినించీ" అంది ఎస్తేరు.

ఆమె కూడా నన్ను వెలుగుకు పట్టి చూసింది. ఇందుమతి వేసిన అతుకు దగ్గర ఆగి, "ఈ కుట్టు కంపెనీ కుట్టు కాదు. దానికంటే బాగుంది" అంది. తర్వాత తలెత్తి, "ఎవరు వాడేవారమ్మా? మీరేనా?" అని అడిగింది.

ఇందుమతి నోటికి ఏం వస్తోందో ఆమెకే తెలియదు.

"నేనే" అంది.

"ఒక్కరే వెళ్లేవారా?"

"ఒక్కదాన్నే. అనంతగిరి తోటల్లో. పొగమంచులో. పొద్దున్నే చెట్ల సందుల్లోంచి ఎండ పడితే ఉంటాదీ..." భర్త ఆదివారం భోజనాల దగ్గర చెప్పే కబుర్లన్నీ తన కబుర్లుగా చెప్పేస్తోంది. చెప్పేకొద్దీ ఆమె గొంతు మారిపోయింది. ఆ పొగమంచును తనెప్పుడూ చూడలేదన్న దుగ్ధ కళ్లల్లోకి వచ్చేసింది. అంతవరకూ ఆమె ఈర్ష్యపడుతున్నది నా మీదా, ఆ పసుపు టీషర్టు మీదా అనుకున్నాను. అప్పుడు అర్థమైంది, ఆమె ఈర్ష్య తన మొగుడి మీద.

ఎస్తేరు అంతా విని, "ఇంత ఇష్టమైనదాన్ని ఎందుకు అమ్మేస్తున్నారు మరి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, "ఈ శనివారం నేనక్కడికే వెళ్తున్నాను. మీరూ రండి. నా పాతది కూడా ఉంది, ఇద్దరికీ సరిపోతాయి. కట్టడంలో మీ పద్ధతి చూపిద్దురుగాని" అంది. అబద్ధం అక్కడికి వచ్చాక ఇందుమతి వెనక్కి తిరగలేకపోయింది. వస్తానంది.

నేను ఎస్తేరు స్కూటరు ముందు కూర్చుని వెళ్లిపోయాను. ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది తర్వాత ఇందుమతి నాలో కూర్చునే చెప్పింది కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. సన్యాసిరావు అటక మీద చెయ్యి పెట్టి తడిమి, దిగి వచ్చాడట.

"ఏదీ?"

"అమ్మీసాను."

"నా వస్తువు నన్నడక్కండా అమ్మీడవేటి?"

"నన్నడిగే కొన్నావేటి నువ్వు?" అందట ఇందుమతి. పెళ్లయిన ఇన్నేళ్లలో అతన్ని నువ్వనడం అదే మొదలు. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనానికి లేవలేదు. ఆ మర్నాడు ఆమె ఒక సిస్టరమ్మతో అరకు వైపు వెళ్లివస్తానని చెప్పినా, ఎందుకనీ అడగలేదు.

శనివారం ఉదయం కిరండూల్ రైలులో ఇద్దరాడవాళ్లూ, రెండు ఊయలలూ ప్రయాణమయ్యాం. ఎస్తేరు పాత ఊయల ఖాకీ రంగుది, గుడ్డ పలుచబడి ఉల్లిపొరలా ఉంది. దారంతా అది తను చూసిన అడవుల గొప్పలే చెప్పింది నాకు. నేను వినలేదు. కిటికీ పక్కన ఇందుమతి సొరంగం వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా నోరు తెరుస్తోంది.

తోట దగ్గరికి చేరాక ఎస్తేరు పక్కకు తప్పుకుని, "కట్టండమ్మా" అంది. ఇందుమతి నా పట్టీలను చెట్టుకు లంగా బొందు ముడి వేసింది. నన్ను మంచంలా బిర్రుగా లాగింది. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, మంచం మీదికి ఎక్కినట్టు నిలువునా ఎక్కి బోర్లా పడింది. నేను ఒక్క తిప్పు తిరిగాను. కావాలని తిప్పాననుకుంటారేమో, కావాలనే తిప్పాను. ఆమె ఎండుటాకుల్లో ముఖం పెట్టి పడింది.

ఎస్తేరు నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయింది. "ఇందుమతిగారూ, మీరు దీంట్లో ఎప్పుడూ పడుకోలేదు కదా?"

"లేదు" అంది ఇందుమతి, జుట్టులో ఆకులు తీసుకుంటూ.

"నాకారోజే తెలుసు. వానగుడ్డ చూపించి దోమతెరన్నారు."

"తెలిసీ ఎందుకు రమ్మన్నారు?"

"రావాలని అంత ఇదిగా ఉంది మీకు. అబద్ధం ఆడి మరీ వస్తానన్న మనిషిని ఎలా వదిలేస్తాను?"

అప్పుడు ఇందుమతి మొత్తం చెప్పింది. సన్యాసిరావు సంగతి, ఉతకడం సంగతి, పసుపు టీషర్టు సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఎస్తేరు ఓదార్చలేదు. లేచి, నా పట్టీలు విప్పి, మళ్లీ సరిగ్గా కట్టి, "ముందు కూర్చోండి. ఇప్పుడు కాళ్లు ఆ మూలకు. తల ఈ మూలకు. ఊపిరి వదలండి" అంది. ఇందుమతి ఒరిగింది.

ఆమె బరువు నాకు కొత్త. అతనిలా ఒక్కసారిగా వదిలెయ్యలేదు. నన్ను నమ్మాలా వద్దా అని కొంచెం కొంచెంగా వదిలింది. తర్వాత ముఖం పక్కకు తిప్పి గుడ్డను వాసన చూసింది. ఎన్నిసార్లు ఉతికినా అతని తలనూనె వాసన నాలో ఒక మూల ఉండనే ఉంది. ఆమె చెంప సరిగ్గా అక్కడే ఆనించింది. నాది అనుకుని నేను దాచుకున్నది అదొక్కటే. దాన్ని కూడా తీసుకుంది.

ఎండ వాలుతుండగా బుద్రి టీ తీసుకొచ్చింది. నన్ను చూడగానే ఆగిపోయింది.

"ఇది సన్నాసిరావు బాబు ఊయల గదా? బాబు ఏడీ?"

ఇందుమతి లేచి కూర్చుంది. "నేను ఆయన భార్యని."

"ఇందూ అంటే నువ్వేనా అమ్మా!" అంది బుద్రి, గ్లాసులు కింద పెట్టేసి. "నీ పేరు ఈ కొండకంతా తెలుసు. పొద్దు దిగే ఏలకి ఆ రాయెక్కి 'ఇందూ, తిన్నావా' అని కేకేస్తాడు. ఫోను పలకదు. మళ్లీ చేస్తాడు, మళ్లీ చేస్తాడు. మా మేకలకి కూడా అలవాటైపోయింది. ఆ కేక ఇని ఇంటికొచ్చెస్తాయి. ఓపాలి వానలో జారిపడి మోకాలు పగిలింది. నేనే పసుపెట్టి కట్టేను."

"మోకాలా? క్రేను మెట్ల మీద తగిలిందన్నారు నాతో."

"మెట్లు ఎక్కడియమ్మా ఇక్కడ?"

"ఆయనతో ఇంకెవరైనా వస్తారా? పసుపు చొక్కా అమ్మాయి..."

బుద్రి ఆలోచించింది. "ఓ తూరి గుంపుగా వచ్చారు. ఆ పిల్ల బూట్లతో ఎక్కేసిందని బాబు మొహం ఇంత చేసుకున్నాడు. ఆళ్లు ఎల్లిపోయాక ఆ బురద కడిగి కడిగి, నా కుండలో నీళ్లన్నీ అవగొట్టాడు."

ఇందుమతి టీ తాగలేదు. చెప్పులు వేసుకుని ఆ రాయివైపు నడిచింది. ఎస్తేరు వెనకే వెళ్లబోయి, ఏమనుకుందో, ఆగిపోయింది. నాకు అక్కడి నుంచి రాయి బాగా కనిపిస్తుంది. ఎన్ని సాయంత్రాలు దాన్ని తిట్టుకుంటూ చూశానని! చీర బిగించుకుని, చేతులు ఆనించి, రెండుసార్లు జారి, పైకి ఎక్కింది. ఫోను తలకంటే ఎత్తుగా పట్టుకుని అటు తిరిగింది, ఇటు తిరిగింది. చెవి దగ్గర పెట్టుకుంది, తీసింది, మళ్లీ నొక్కింది. ఎంతకీ కలవలేదు. కలవకూడదనే కోరుకున్నాను.

కలిసింది.

"నేను" అంది గట్టిగా. "మీ రాయి మీదున్నాను."

అవతల ఏమన్నాడో నాకు వినిపించలేదు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత కొండంతా వినిపించేలా అరిచింది.

"తిన్నారా?"

లైను తెగింది. ఆమె ఫోనువైపు చూసి, కూర్చుని, జాగ్రత్తగా కిందికి జారింది. ఎస్తేరు ఎదురెళ్లి ఏమన్నాడని అడిగింది.

"'జారుతాది. మెల్లగా దిగు' అన్నారు" అంది ఇందుమతి.

ఆ తర్వాత ఏం జరిగిందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. వాళ్లిద్దరూ ఎప్పటినుంచో ఒకరికొకరు చెప్పుకోని మాట ఒకటి ఉంది. పెళ్లయిన కొత్తలో అతను ఒకసారి కొండకు రమ్మని అడిగాడట. "అడవిలో పడుకోడానికి మనవేటి కోతులవా" అని ఆమె నవ్వేసిందట. ఆమె ఆ మాట అప్పుడే మరిచిపోయింది. అతను మరిచిపోలేదు, మళ్లీ అడగనూ లేదు. ఇన్నేళ్లూ ఆమె అతను పిలవలేదని కుమిలితే, అతను ఆమె రానందని ముడుచుకున్నాడు. మనుషులకు నోరిచ్చింది ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పదిరోజులకు సన్యాసిరావు ఎస్తేరు ఇంటికి వచ్చాడు. అతని చెప్పుల చప్పుడు వినగానే నా కొక్కాలు జివ్వుమన్నాయి. నన్ను తిరిగి కొనుక్కోవడానికే వచ్చాడు.

"ఇచ్చీండి సిస్టర్. ఎంతంటే అంత."

ఎస్తేరు నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మీ ఆవిడ అమ్మినప్పుడు ఇంట్లో చోటు లేదని పెట్టింది. ఇప్పుడు చోటు దొరికిందా?"

అతను తల దించుకుని నవ్వాడు. "దొరికింది."

"అయితే ఇది మీకెందుకండీ? ఇది ఒక్క మనిషి పడుకునేది. ఇద్దరు పట్టేది చూసుకోండి."

అతను నావైపు చూశాడు. చేయి చాపి, ఇందుమతి వేసిన అతుకును వేలితో ఒకసారి తడిమాడు. అంతే. "నిజమే సిస్టర్" అని లేచాడు. నేను ఎంత మెత్తగా ఉన్నా, ఎంత గట్టిగా ఉన్నా, నా వెడల్పు ఎంతో అంతే. ఆ వెడల్పు చాలలేదు.

వాళ్లు కొన్నది కూడా వాడినదే. కొత్తగా పెళ్లయిన జంట ఎవరో, బిడ్డ పుట్టాక అమ్ముకున్నారట. ముదురు ఎరుపు, విశాలమైన ఒళ్లు, రెండేసి కొక్కాలు. మేం అందరం కలిసి తోటకు వెళ్లినప్పుడు దాన్ని మొదటిసారి చూశాను. నా చెట్లకే కట్టాడు. నన్ను కట్టినంత శ్రద్ధగానే పట్టీలు సర్దాడు. వాళ్లిద్దరూ ఒకరిమీద ఒకరు దొర్లి, పోట్లాడుకుని, చివరికి అతని తల ఒక మూలకు, ఆమె తల ఇంకో మూలకు సర్దుకుని పడుకున్నారు. సాయంత్రం వేళ అతను రాయివైపు వెళ్లనే లేదు. బుద్రి మేకలు ఎదురుచూసి ఎదురుచూసి, ఆమె వెళ్లి తోలుకొస్తేగాని కదల్లేదు.

ఎస్తేరు నన్ను బాగానే చూసుకుంది. ఖాకీదాన్ని పక్కన పెట్టేసి నాలోనే పడుకునేది. తేలికైన మనిషి, కదలకుండా నిద్రపోతుంది. ఎవరికీ ఫోను చెయ్యదు. ఎవరూ ఆమెకు చెయ్యరు. నన్ను మధ్యలో వదిలేసి వెళ్లే అవసరం లేని మనిషి దొరికింది కదా, ఇక సుఖపడవచ్చు కదా? నా కళ్లు మాత్రం ఎదుటి చెట్ల మీదే. ఎర్రదాని ఒళ్లు ఎప్పుడు కదులుతుందా, లోపల ఎవరు నవ్వారా అని తెల్లవార్లూ చెవి ఒగ్గి ఉండేదాన్ని. ఒక్కోసారి ఎస్తేరు కూడా మేలుకుని అటే చూస్తున్నట్టు అనిపించేది. మేమిద్దరం ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఒక ఈదురుగాలి రోజు పొద్దున్న అందరూ బుద్రి ఇంట్లో టీ తాగుతుంటే, ఎండిన కొమ్మ ఒకటి విరిగి నా మీద పడింది. నేను ఖాళీగా ఉన్నాను కాబట్టి సరిపోయింది. పొడుగునా చిరిగిపోయాను.

"కుట్టగలవా ఇందూ?" అంది ఎస్తేరు. అప్పటికి వాళ్లు అక్కాచెల్లెళ్లలా మారిపోయారు.

ఇందుమతి నన్ను వెలుగుకు ఎత్తిపట్టింది. నాలోంచి ఆమె ముఖానికి ఎండ ధారగా పడింది. ఆమె చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "కుట్టొచ్చక్కా. కానీ మనిషి బరువు ఆగదు. పడితే నడుం విరుగుతాది. నాకిచ్చీ, ఏదో ఒకటి చేస్తాను."

గాజువాకలో అదే ముందుగదిలో, అదే మిషను మీద నన్ను పరిచింది. కత్తెర పెట్టే ముందు కాస్త ఆగి, మునుపు తను వేసిన అతుకు మీద అరచెయ్యి పెట్టింది. అది చెడకుండా చుట్టూ వదిలి కత్తిరించింది. ఈసారి సూది లోతుగా దించలేదు.

ఇప్పుడు నేను సంచిని. ఎర్రదాన్ని పెట్టుకునే సంచిని.

శనివారం సాయంత్రం చెట్ల దగ్గర నా మెడకు బిగించిన తాడు విప్పి దాన్ని బయటికి లాగుతారు. అది రెక్కలు విప్పుకున్నట్టు విచ్చుకుని పైకి వెళ్లిపోతుంది. నేను చెట్టు మొదట్లో ఆకుల మీద ఖాళీగా పడి ఉంటాను. పైన ఇద్దరి గుసగుసలు మొదలవుతాయి. ఒక్క మాటా స్పష్టంగా వినబడదు. ఒకసారి ఇందుమతి పైనుంచి చెయ్యి చాపి, తడుముకుంటూ నన్ను అందుకుని, మడిచి, సన్యాసిరావు తల కింద పెట్టింది. ఆ ఒక్క రాత్రి గురించి నేను ఎవరికీ చెప్పుకోను.

తెల్లవారాక ఎర్రది మంచుకు తడిసి, ఇద్దరి ఒంటి వెచ్చదనం ఇంకా ఆరకుండానే నా కడుపులోకి దిగుతుంది. సన్యాసిరావు మూతి గట్టిగా బిగిస్తాడు. దిగువ స్టేషను దాకా, రైల్లో, ఆటోలో, గాజువాక మెట్ల మీదుగా అటక దాకా, నేనే దాన్ని మోస్తాను. అది హాయిగా నిద్రపోతుంది. దాని వెచ్చదనం చల్లారేదాకా నేను మేలుకునే ఉంటాను.